కమాను పట్టీతో కూరగాయల కత్తి చేయాలనుకుంటున్నాను: పిడికి ఏ కట్టె మంచిది, మిగిలిన కట్టెను ఏం చేసుకోవచ్చు?

ప్రశ్న: పాలమూరు మిద్దె

అందరికీ నమస్కారం. మాది కల్వకుర్తి పక్కన ఒక పల్లె. తాతగారి కాలం నాటి మట్టి మిద్దెను ఈ మధ్యే విప్పించాము. మంచి దూలాలూ తలుపులూ కొనేవాళ్లు వచ్చి తీసుకుపోయారు కానీ, వాళ్లు వద్దన్న కట్టె అంతా వాకిట్లో కుప్పగా మిగిలిపోయింది. అందులో టేకు చౌకట్టు నుంచి కోసేసిన మూరెడు ముక్కలు, వేప దంతెల కొసలు, పాత నాగలి ఒకటి, మాంసం కొట్టడానికి వాడిన చింత మొద్దు ఉన్నాయి. ఇవి గాక చేను గట్టు మీద పోయిన నెలలో కొట్టించిన సర్కారు తుమ్మ దుంగలు కూడా ఉన్నాయి. స్నానాలకు నీళ్లు కాగబెట్టుకోవడానికి పనికొస్తాయని ఇంట్లోవాళ్లు అంటున్నారు, నాకేమో మనసు ఒప్పడం లేదు.

జడ్చర్లలోని పాత ఇనుప సామాన్ల దుకాణంలో లారీ కమాను పట్టీ ముక్క ఒకటి దొరికింది. అడుగు పొడవు, మూడు అంగుళాల వెడల్పు, దాదాపు 10 మిల్లీమీటర్ల మందం ఉంది. దీనితో కూరగాయలు తరిగే కత్తి ఒకటి నా చేతులతో చేసి, దానికి మా ఇంటి కట్టెతోనే పిడి వేయాలని కోరిక. నా దగ్గర చేతి గ్రైండరు, డ్రిల్లు, రెండు ఆకురాళ్లు, ఒక రంపం ఉన్నాయి, కొలిమి లేదు. ఈ పట్టీ అందుకు పనికొస్తుందా, పిడికి పై కట్టెల్లో ఏది ఎంచుకోవాలి, పిడికి పోగా మిగిలే కట్టెతో ఇంటికి పనికొచ్చేవి ఏమేం చేయవచ్చు అన్నది అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: దేవరకొండ కొలిమి

నమస్తే అన్నా. మాది కొలిమి ఉన్న ఇల్లు కాబట్టి ముందు ఇనుము సంగతి చెబుతాను. పిడి ఎలా ఉండాలన్నది కత్తి తోకను (పిడిలోకి పోయే ఇనుప భాగాన్ని) బట్టి ఉంటుంది గనుక, కట్టె ప్రశ్న ఆ తరువాతే తేలుతుంది.

మీరు తెచ్చుకున్నది మంచి ఉక్కే, అందులో సందేహం లేదు. మన లారీల కమానులకు ఎక్కువగా వాడేది ఈఎన్ 45 వంటి సిలికాన్, మాంగనీసు కలిసిన ఉక్కు, లేదంటే క్రోమియం కలిసిన స్ప్రింగు ఉక్కు. ఏదైనా కర్బనం 0.5 నుంచి 0.6 శాతం ప్రాంతంలో ఉంటుంది. గొడ్డలికి, కొమ్మలు కొట్టే కత్తికి, కొబ్బరి బోండాలు కొట్టే కత్తికి ఇంతకంటే మంచిది వెతుక్కోనక్కరలేదు. చిక్కంతా మందంతోనే. కూరగాయల కత్తికి వెన్ను దగ్గర రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంతకు మించితే ఉల్లిగడ్డ తెగదు, చీలుతుంది. 10 మిల్లీమీటర్ల పట్టీని గ్రైండరుతో అంత పలచన చేయాలంటే ఉక్కులో ముప్పాతిక వంతును నిప్పురవ్వలుగా ఊదేయడమే. చక్రాల ఖర్చు అటుంచి, ఆ రాపిడికి పట్టీ వేడెక్కి ఉన్న గట్టిదనం కూడా పోతుంది.

అందుచేత ఈ పట్టీని కొలిమిలో సాగగొట్టించడమే సరైన దారి. మీ దగ్గరలో ఇంకా కొలిమి నడుపుతున్న కమ్మరి ఉంటే ఆయనతో మాట్లాడుకోండి. ఇక్కడే మీ కుప్పలోని సర్కారు తుమ్మ అక్కరకు వస్తుంది. ఆ కట్టె బొగ్గు కొలిమికి బాగా పనికొస్తుంది, ఈ రోజుల్లో కమ్మరికి మంచి బొగ్గు దొరకడమే గగనంగా ఉంది. వంకర దుంగలను బొగ్గు కాల్చి రెండు సంచులు ఆయనకు ఇస్తే కూలిలో కొంత తగ్గించుకుంటాడు, మీ కత్తి మీ కట్టె నిప్పులోనే కాలుతుంది.

సాగగొట్టిన తరువాత పట్టీని ఎర్రగా కాల్చి గాలికి చల్లారనివ్వడం రెండు మూడు సార్లు చేయించండి. సమ్మెట దెబ్బలకు లోపల పడిన ఒత్తిడి దానితో పోతుంది. చివరిసారి కాల్చినప్పుడు గాలికి వదలకుండా ఊక బూడిదలో పూడ్చిపెట్టి తెల్లవారే దాకా ఉంచాలి. మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర ఈ బూడిద బస్తాల కొద్దీ దొరుకుతుంది, వేడిని పట్టి ఉంచడంలో దానికి సాటి లేదు. అలా మెల్లగా చల్లారిన ఉక్కు ఆకురాయికి లొంగుతుంది. ఆకారం దిద్దడం, పిడి మేకులకు రంధ్రాలు వేయడం అంతా అప్పుడే ముగించాలి. అంచును మాత్రం పూర్తిగా పలచన చేయకుండా మిల్లీమీటరు పైచిలుకు మందం వదలండి, లేకపోతే గట్టిపడడానికి కాల్చి నూనెలో ముంచేటప్పుడు అది అలలాగా వంకర పోతుంది.

ఇక ముంచడం. ఉక్కు సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అంటుకోవడం ఆగాక రంగు ఇంకొంచెం తేలేదాకా ఉంచి, అప్పుడు నూనెలో మొన కిందికి పెట్టి నిటారుగా దించాలి. నాగలి కర్రుకు నీళ్లు పట్టినట్టే దీనికీ పడదామని కొందరు కమ్మరులు అంటారు. కర్రు మందం వేరు, దాని ఇనుము వేరు. పలచని స్ప్రింగు ఉక్కును నీళ్లలో దించితే చిటుక్కుమని పగిలే ప్రమాదం ఉంది. గోరువెచ్చని పల్లీ నూనె నాలుగైదు లీటర్లు, మూత ఉన్న ఇనుప డబ్బాలో పోసి వాడండి. ప్లాస్టిక్ బకెట్టు వద్దు, పాత ఇంజను నూనె పొగ పీల్చనూ వద్దు. మంట లేస్తే మూత పెట్టేయడానికి ఒక మనిషి పక్కన ఉండాలి. పొద్దుగూకే వేళ నీడలో ఈ పని పెట్టుకుంటే ఎరుపు ఛాయలు కంటికి సరిగ్గా ఆనుతాయి.

నూనెలోంచి తీసి చల్లారాక అంచు మీద ఆకురాయి లాగి చూడండి. అది పట్టకుండా గాజు మీద జారినట్టు జారితే గట్టిపడినట్టు. ఆ దశలో కత్తి చేయి జారి బండ మీద పడితే రెండు ముక్కలవుతుంది కాబట్టి అదే రోజు పాయనం పెట్టాలి, అంటే తక్కువ వేడిలో ఉంచి ఆ పెళుసుదనం పోగొట్టాలి. ఇంట్లో కేకులు చేసే ఓవెన్ ఉంటే 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, చల్లార్చి, మళ్లీ రెండు గంటలు ఉంచండి. తోముకున్న ఉక్కు మీద లేత ఎండుగడ్డి రంగు రావాలి. గోధుమ రంగు దాటి ఊదా, నీలం దాకా వెళ్లితే కూరగాయల కత్తికి అది మెత్తన అయిపోయినట్టు.

జవాబు: మిర్యాలగూడ వర్క్‌షాపు

పైన రాసిన పద్ధతి నిర్దోషమైనదే అయినా, కొలిమి లేని మనిషి మొదటి కత్తికి ఇంత నిప్పు పని పెట్టుకోవాలా అన్నది నా సందేహం. ఇనుప కడ్డీలు కోసే పవర్ హాక్సా యంత్రాల బ్లేడ్లు అరిగిపోయాక వర్క్‌షాపుల్లో మూలన పడేస్తారు. అవి హైస్పీడ్ ఉక్కువి, మందం రెండు మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉంటుంది, అప్పటికే గట్టిపడి ఉంటాయి. పళ్లు రుద్దేసి ఆకారం కోసుకుంటే మీ కూరగాయల కత్తి తయారైపోతుంది, కాల్చడం గానీ ముంచడం గానీ ఉండదు. మామూలు ఉక్కు రాపిడికి నీలం తిరిగితే మెత్తబడుతుంది. ఈ ఉక్కుకు 550 డిగ్రీల దగ్గర పాయనం పెట్టి ఉంటారు కాబట్టి కాస్త వేడెక్కినా దాని గట్టిదనం పోదు. అయినా నీళ్లలో ముంచుకుంటూ రుద్దడమే మంచి అలవాటు.

దీనితో రెండు ఇబ్బందులు ఉన్నాయి. మొదటిది, దీనికి మామూలు డ్రిల్లు బిట్టుతో రంధ్రం పడదు. కార్బైడు బిట్టు తెచ్చుకోవాలి, లేదా రెండు చివర్లా ముందే ఉండే రంధ్రాల్లో ఒకటి పిడి భాగంలోకి వచ్చేలా కత్తి గీసుకోవాలి. రెండవది, కొన్ని బ్లేడ్లలో పళ్ల అంచు ఒక్కటే హైస్పీడ్ ఉక్కు, వీపు వేరే ఉక్కు ఉంటుంది. పళ్లు తీసేస్తే మంచి ఉక్కంతా పోయినట్టే కనుక అలాంటివి వద్దు. నన్ను అడిగితే కూరగాయల కత్తి దీనితో చేసుకోండి, కమాను పట్టీని కొమ్మలు కొట్టే కత్తికి దాచుకోండి. దానికి ఆ మందమే బలం.

గ్రైండరు పట్టేటప్పుడు కళ్లద్దాలు, ముక్కుకు మంచి మాస్కు లేకుండా పని మొదలుపెట్టకండి. చక్రం మీది గార్డు తీసేసి పనిచేసే అలవాటు మన దగ్గర చాలా వర్క్‌షాపుల్లో ఉంది, దాన్ని మాత్రం నేర్చుకోకండి.

జవాబు: హాలియా వడ్ల పని

ఇనుము గురించి ఇద్దరూ చెప్పారు కనుక నేను కట్టె దగ్గరికే వస్తాను. పిడికి కావలసింది ఐదంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న ఒక చిన్న ముక్క మాత్రమే. అందుకే కుప్పలోని అన్నిటికంటే మంచి కట్టెను ముందు పిడికి తీసిపెట్టి, తక్కిన పనులను మిగిలిన దాన్ని బట్టి ఆలోచించుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: పీటకూ పెట్టెకూ పెద్ద ముక్కలు కోసేసి, చివరికి పగుళ్లు ఉన్న తుంట మిగిలితే దాన్ని పిడికి పెడతారు.

మీరు చెప్పిన వాటిలో నా ఓటు నాగలి మేడికే (దున్నేటప్పుడు చేత్తో పట్టుకునే భాగానికే). మన వైపు నాగళ్లు ఎక్కువగా నల్లతుమ్మవే కాబట్టి మీదీ అదే అయి ఉంటుంది. కొసన ఒక పలక కోసి చూస్తే లోపల ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగు చేవ కనిపిస్తుంది. బరువైన కట్టె, గట్టి కట్టె, పైగా ఎన్నో ఏళ్లుగా ఎండి ఉన్నది కాబట్టి కాలాన్ని బట్టి కొద్దిగా తగ్గి పెరగడం తప్ప ఇక కొత్తగా గుంజుకుపోయేది పెద్దగా ఉండదు. కోసే ముందు అయస్కాంతం పెట్టి మొత్తం తడమండి, పాత నాగళ్లలో బిగింపు కోసం కొట్టిన మేకులూ చీలలూ బయటికి కనిపించకుండా లోపలే ఉంటాయి. పైపొరలో పుచ్చు ఉంటే దాన్ని చెక్కేసి చేవనే తీసుకోండి. గోటితో నొక్కితే పిండిలా రాలే చోట పిడి తీయకూడదు.

టేకు కూడా పనికొస్తుంది. నీళ్లకు త్వరగా పాడవదు, చేతికి తేలికగా ఉంటుంది, కాకపోతే దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది. టేకులో సహజంగా జిడ్డు ఉంటుంది కనుక అరాల్డైట్ జిగురు పూసే ముందు అతికే ముఖాన్ని థిన్నరుతో తుడవాలి. తుడవకపోతే కొన్నాళ్లకు ఊడివస్తుంది. అందులోని సన్నని ఇసుక లాంటి పదార్థం వల్ల ఉలి, రందా పదును త్వరగా పోతాయి, అది మీ పనితనంలోని లోపం అనుకోకండి. వేప కట్టెలో నారలు ఒకదానికొకటి ఎదురెదురుగా అల్లుకుని ఉంటాయి కాబట్టి రందా పట్టినప్పుడు పెచ్చులు లేస్తుంది, దాన్ని పిడికి వాడకండి. చింత మొద్దు ఏళ్ల తరబడి కొవ్వూ ఉప్పూ తాగి ఉంటుంది, దానికి జిగురు అంటదు.

సర్కారు తుమ్మ గురించి ఒక మాట అదనంగా చెప్పాలి. ముళ్ల కంప అని అందరూ తీసిపారేస్తారు గానీ, ఎండిన తరువాత గాలిలోని తేమకు ఉబ్బడం, కుంచించుకుపోవడం దానికి చాలా తక్కువ. పిడికి కావలసిన గుణం సరిగ్గా అదే. మీ దుంగలు ఇంకా పచ్చివి కాబట్టి ఈ కత్తికి అందవు. బొగ్గుకు ఇవ్వని వాటిలో తిన్నగా ఉన్న రెండు దుంగలను అంగుళం మందం పలకలుగా కోయించి, రెండు కొసలకూ మైనం పూసి, ఎండ తగలని చోట పలకల మధ్య సన్నని కట్టె పుల్లలు పెట్టి పేర్చండి. ఎండలో వేస్తే కొసలు నోళ్లు తెరుస్తాయి. ఒక ముక్కను వంటింటి తూకంలో పెట్టి బరువును పెన్సిలుతో దాని మీదే రాసి, నెలకొకసారి మళ్లీ తూచండి. బరువు తగ్గడం ఆగిపోయిన నెల అది ఎండినట్టు. అలాంటి పలకలు ఉంటే వచ్చే ఏడు కొడవళ్లకూ పారలకూ పిడుల కోసం ఎక్కడా వెతుక్కోనక్కరలేదు.

ఇక మిగిలినవి. నాగలి దుంపలో ఇంకా చాలా కట్టె ఉంటుంది, దానితో ఉలి మీద కొట్టే కొయ్య సుత్తి ఒకటి, సుత్తికీ బాడిశకూ పిడులు తీసుకోండి. టేకు మూరెడు ముక్కలతో మొదట కత్తికి ఒర చేయండి. ముక్కను నిలువునా రెండు పలకలుగా కోసి, ఒకదానిలో కత్తి మందమంత లోతు తొలిచి, రెండూ అతికిస్తే ఒర అవుతుంది, కింది కొసన తడి కారిపోవడానికి చిన్న రంధ్రం వదలాలి. ఒరకు తుమ్మ వాడకండి, తుమ్మలోని వగరు తడి ఇనుముకు తగిలితే కత్తి నల్లమచ్చలు పడుతుంది. పిడిలో ఉన్న తుమ్మతో ఆ ఇబ్బంది రాదు, ఎందుకంటే అక్కడ మధ్యలో జిగురు పొర ఉంటుంది. టేకులో ఇంకా మిగిలితే గోడకు చిలక్కొయ్యలు, కూర్చునే పీట. వేప కొసలతో గరిటెలు, పప్పు గుత్తి, కవ్వం చేసుకోవచ్చు. పెచ్చులు లేచినా బాడిశతో చెక్కి పాలిష్ కాగితంతో రుద్దితే నునుపు తేలుతుంది. చింత మొద్దును మాత్రం ముక్కలు చేయకండి. మొద్దుగా దానికి ఇప్పటికీ సాటి వచ్చేది లేదు, పై ముఖం రెండు వేళ్ల మందం కోసేసి చదును చేస్తే మళ్లీ కొత్తదే.

కోసేటప్పుడు రాలే పొట్టును పారేయకండి. అందులో మెత్తనిది జల్లించి అరాల్డైట్‌లో కలిపితే పిడికీ ఇనుముకూ మధ్య సందులు అదే రంగులో పూడతాయి. ముతకది పొట్టు పొయ్యిలోకి పోతుంది.

ఒక్క హెచ్చరిక. చౌకట్టు ముక్కల మీద పాత రంగు ఉంటే దాన్ని పొడిగా రుద్దకండి, పొయ్యిలోనూ పెట్టకండి, గరిటెలకు అసలే వాడకండి. రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది, తాతల నాటి చౌకట్టుకు వేసిన రంగులో ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. రంగు ఉన్న ముఖాన్ని రంపంతో పలకగా కోసి పక్కన పెట్టేయడం సులువైన పని.

జవాబు: అచ్చంపేట వాసి

ఈ చర్చ చదివి ఉత్సాహం వచ్చినవారికి రెండు మాటలు. పిడికి జిట్రేగి (రోజ్‌వుడ్) బాగుంటుందని, అది నల్లమలలో ఉంటుందని ఎవరైనా చెబితే అటు పోకండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఎండిపడిన కొమ్మను తెచ్చుకున్నా కేసే. విప్పిన ఇళ్ల కట్టె, చేను గట్టు కట్టె ఉండగా ఆ అవసరం కూడా లేదు.

రెండవది కత్తి కొలత. ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. మీ కూరగాయల కత్తికి ఏ చిక్కూ లేదు. కమాను పట్టీతో పెద్ద కత్తి చేసినప్పుడు మాత్రం దాన్ని చేనుకు తీసుకుపోవడం వేరు, బస్సులో సంచిలో పెట్టుకుని తిరగడం వేరు.

ప్రశ్న అడిగినవారి మాట: పాలమూరు మిద్దె

అందరికీ ధన్యవాదాలు. మేడి కొస కోసి చూశాను, హాలియా అన్నగారు చెప్పిన రంగే ఉంది, లోపల ఒక చీల కూడా బయటపడింది. కూరగాయల కత్తిని హాక్సా బ్లేడుతోనే మొదలుపెట్టి, కమాను పట్టీని కమ్మరి దగ్గరికి తీసుకుపోవాలని నిర్ణయించుకున్నాను. ఇక ఒక్క సందేహం మిగిలింది. మా ఇంట్లో కొడవళ్లకు ఇనుప తోకను ఎర్రగా కాల్చి పిడిలోకి దించి, పైన పొన్ను (పిడి కొస చీలకుండా బిగించే కట్టు) తొడిగేవారు. ఈ కత్తికి కూడా అలా చేయవచ్చా, లేక రెండు పలకలు పెట్టి మేకులు కొట్టాలా? పిడికి చివర ఏ నూనె పూయాలి?

జవాబు: హాలియా వడ్ల పని

కమాను పట్టీతో చేయించే పెద్ద కత్తికి ఆ పాత పద్ధతే మంచిది. తోకను కమ్మరి సన్నగా సాగగొట్టి ఇస్తాడు. పిడికి ముందు సన్న రంధ్రం వేసుకుని, తోకను ఎర్రబడేదాకా కాల్చి దించితే తన చోటు తానే కాల్చుకుంటుంది. అయితే అంచు భాగానికి తడి గుడ్డ చుట్టి ఉంచాలి, లేకపోతే దేవరకొండ వారు చెప్పిన పాయనం అంతా ఆ వేడికి కొట్టుకుపోతుంది. పొన్నును ముందే బిగించి ఉంటే దించేటప్పుడు కట్టె చీలదు. చల్లారాక ఒకసారి బయటికి లాగి, బొగ్గు పొడి దులిపి, అరాల్డైట్ నింపి మళ్లీ దించండి. పూర్వం ఇక్కడ లక్క పోసేవారు, ఇప్పుడూ పోయవచ్చు, కానీ వేడినీళ్లలో కడిగే కత్తికి లక్క నిలవదు.

హాక్సా బ్లేడు కత్తికి మాత్రం రెండు పలకలే పెట్టండి, ఆ ఉక్కును కాల్చి దించే పని వద్దు. ఇత్తడి కడ్డీ ముక్కలను మేకులుగా వాడి, రంధ్రం కట్టెలో వెంట్రుకవాసి వదులుగా ఉండేలా చూసుకోండి. బిగుతుగా కొడితే ఎండాకాలంలో కట్టె గుంజుకున్నప్పుడు మేకు దగ్గరే పగులు మొదలవుతుంది. మే నెలలో పిడి అంచుల దగ్గర ఇనుము చేతికి గరుకుగా తగిలితే కంగారు పడకండి, కట్టె కొద్దిగా తగ్గింది అంతే. అప్పుడు పాలిష్ కాగితంతో ఒకసారి రుద్దితే తరువాత ఏ కాలంలోనూ అది గుచ్చదు.

నూనె విషయంలో పల్లీ నూనె, ఆముదం వద్దు. అవి ఎన్నాళ్లైనా ఆరవు, పల్లీ నూనె అయితే ముక్క వాసన కూడా వస్తుంది. రంగుల దుకాణంలో అవిసె నూనె అడగండి. పలచగా పూసి, పావుగంట తరువాత పైన మిగిలింది తుడిచేసి, ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి మళ్లీ పూయండి. ఇలా నాలుగైదు పూతలు పడితే చాలు. తుడిచిన గుడ్డలను మాత్రం ఉండ చుట్టి మూలన పడేయకండి, అవిసె నూనె ఆరేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది, ఆ ఉండ నిప్పు లేకుండానే అంటుకోగలదు. వాటిని నీళ్లలో తడిపి, బయట బండ మీద విడివిడిగా పరిచి, పూర్తిగా గట్టిపడ్డాక పారేయండి.